దాగ

పర్లాకిమిడిలో నా దుకాణం బోర్డు తెలుగులో ఉంటుంది.
కోర్టు తీర్పు ఇంగ్లీషులో వచ్చింది.
ఆయన శిక్షల చిట్టా మాత్రం ఒడియాలో,
సమాచార హక్కు కింద, పేజీకి రెండు రూపాయల చొప్పున,
నాలుగు పేజీలు.

మా చెల్లెలి మనవరాలు హేమ ఒడియా బడిలో ఏడో క్లాసు.
వేలు పెట్టి చదివింది:
"కళా దాగ. ఒకటి."
దాగ అంటే ఏటమ్మా?
"మచ్చ, తాతా. నల్ల మచ్చ. బ్లాక్ మార్కు."

మన మాటలో దాగడమంటే కనపడకపోవడం కదే, అన్నాను.
నవ్వింది. పిల్ల కదా.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను,
కోర్టులో పదకొండేళ్లు చెప్పినదానికంటే పొట్టిగా.
ఠాణా గోడ గడియారం ఆగిపోతే నేనే బాగుచేశాను.
పాత కీ గడియారం. లోలకం వంకర, స్ప్రింగు తుప్పు.
నూట ఇరవై రూపాయలు అడిగాను.
బడబాబు కుర్చీలోంచి లేచాడు.
ఆనాటి నుంచి నా ఎడమ చెవి
ఊళ్ళో లేదు.

వాచీ పనివాడికి చెవి అంటే
కంసాలికి నిప్పు.
ఇప్పుడు ప్రతి వాచీనీ కుడివైపుకే తెస్తాను.
మరిచిపోయి ఎడమకు పెడితే
లోకంలో గడియారాలన్నీ ఒక్కసారే చచ్చినట్టుంటుంది.

డిపార్ట్‌మెంటు ఇంక్వైరీ ఆ గడియారం కిందే జరిగింది.
అడిగిన ప్రశ్నలు మూడు, పోసిన టీలు రెండు.
సంతకం పెట్టమన్న కాగితం చదివి చెప్పమన్నాను.
"నీకు మంచిదే రాశాం" అన్నారు.
పెట్టాను, తెలుగులో.

తర్వాత దావా. వకీలు మహాపాత్రో ఫీజులో సగం
వాళ్ళింటి గడియారాల రిపేర్ల కింద చెల్లగొట్టాను.
జడ్జీగారు అడిగారు: దెబ్బ ఎన్ని గంటలకు?
నాలుగూ పదికండి.
ఎలా తెలుసు?
ఎదురుగా గడియారం ఉంది. అప్పుడే నేను కీ ఇచ్చాను.
అవతలి వకీలు లేచి
"ఆ గడియారం అసలు సరిగా నడవదు" అన్నాడు.

నిజం చెప్పాలంటే
చెంపదెబ్బ నాకంత తగల్లేదు.
ఆ మాట తగిలింది.

ముగ్గురు జడ్జీలు మారారు. ఫైలు ఒకసారి బరంపురం వెళ్ళి
తిరిగొచ్చేసరికి డాక్టరు సర్టిఫికెట్టు సగం చెదలు తిన్నాయి.
చివరికి నలభై వేలు. సర్కారు కట్టాలి.
ఆయన జేబు గుండీ కూడా విప్పక్కర్లేదు.
ఖజానా ఎవరిదని మహాపాత్రోని అడిగితే
"అందరిదీ" అన్నాడు.
అయితే నేను కొన్న బ్యాటరీల మీద పన్నూ అందులో ఉంది.
నా చెంపకు నేనూ చందా ఇచ్చుకున్నాను.

హేమ మూడో పేజీ తిప్పింది.
దాగ పడ్డ ఏడాదే రెండు మంచి సేవ మార్కులు:
రథయాత్ర బందోబస్తుకొకటి,
గంజాయి లారీ పట్టుకున్నందుకొకటి.
నాలుగో పేజీలో ప్రమోషను.

చంటివాడి బుగ్గన కాటుక ఎందుకు పెడతారో తెలుసు కదా.
ఒక్క చుక్క.
ఇక ఏ కన్నూ సోకదు. బాగా ఎదుగుతాడు.

నిన్న సాయంత్రం ఠాణా మీదుగా నడిచొచ్చాను.
కొత్త సున్నం, కొత్త కుర్చీలు, కొత్త బడబాబు.
ఏం కావాలన్నాడు గేటు దగ్గర సెంట్రీ.
ఏటీ లేదు బాబూ, అని
కుడి చెవి లోపలికి తిప్పి నిలబడ్డాను.

కొట్టింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
చేతి వాచీ చూసుకున్నాను. అర నిమిషం ముందుంది, అంతే.
ఆ గదిలో లెక్కగా కొట్టేది
అదొక్కటే.

ఎవరూ అడగలేదు గానీ రాసిపెట్టుకోండి:
నూట ఇరవై
ఇంకా రావాలి.