గాలి నొప్పి

దుప్పటి అంచు తగిలితేనే
కిహెయి బొటనవేలు కెవ్వుమంటోంది.
మా హకోదాతె రేవులో ఈ జబ్బు పేరే గాలి నొప్పి.
గాలి ముట్టుకున్నా నొప్పే అని.

ముప్పై రెండేళ్లు నడిసముద్రంలో దీపాలు వేలాడదీసి
స్క్విడ్‌లను చీకట్లోంచి పైకి పిలిచిన మనిషి
అర్ధరాత్రి గోడ పట్టుకుని
స్నానాలగది దాకా పాకుతున్నాడు.

డాక్టరమ్మ తొమ్మిదిన్నర అని రాసింది.
కింద ఆరు అని రాసి, మధ్యలో మెట్లు గీసింది.
"పరుగెత్తి దిగితే పడతారు. మాత్ర మానొద్దు."

ఆ సాయంత్రం చేప కార్జం పొరుగింటి పిల్లికి పెట్టి
అది తింటున్నంతసేపూ గడపలోనే కూర్చున్నాడు.
"పిల్లికి కీళ్లుండవా, సుమిఎ?" అని నన్నడిగాడు.

బీరు గ్లాసు మాత్రం పారేయనివ్వలేదు.
దాన్నిండా నీళ్లు పోసుకుని
లేని నురగని మీసం మీంచి తుడుచుకుంటాడు.
నేను నవ్వను.
నవ్వితే ఆ గ్లాసు పగులుతుంది.

వాపు తీశాక నడక.
మొదట పోస్టు డబ్బా దాకా,
మంచు కరిగాక టోఫూ దుకాణం దాకా.
ఓ రోజు చెప్పకుండా లైట్‌హౌస్ దాకా వెళ్లి
ఎండు చెర్రీల పొట్లంతో, ఎర్రబడ్డ చెవులతో వచ్చాడు.

పడవ కుర్రాళ్లు విందుకి పిలిస్తే
అందరికీ తనే కాల్చి వడ్డించాడట.
తనకి ఒక్క ముక్క, గోరంత.
వాసన మాత్రం చొక్కా నిండా తెచ్చుకున్నాడు.

జూన్‌లో కాగితం మీద ఆరున్నర.
ఇంకో అరమెట్టు.

నిన్న రాత్రి కిటికీ తెరిచే ఉంది.
దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాన్ని
పాత భయంతో కప్పబోయాను.
కళ్లు తెరవకుండానే అన్నాడు:
"ఉండనీ. ఊపిరి పీల్చుకుంటోంది."