గోధుమ, నలుపు, నారింజ

చీమకుర్తి పాలిషింగు ఫ్యాక్టరీలో నాది రాత్రి కాపలా.
పగలు నిద్ర పట్టదు. అందుకే తెప్పించుకున్నా ఈ కిట్టు:
అరచేయంత పచ్చబోర్డు, రెండు చిప్పులు,
పొట్లంలో జొన్నగింజల్లా రెసిస్టర్లు,
సగం అలుక్కుపోయిన అచ్చుతో ఒక కాయితం.

పెట్టె మాత్రం నాదే.
ఎగుమతికి పనికిరాదని పారేసిన గెలాక్సీ రాయి,
అంచు విరిగిన ముక్కలు ఆరు.
నల్లరాతిలో బంగారు నలుసులు,
బోర్డు మీద నా టంకం చుక్కలు,
పక్కపక్కన పెట్టి చూస్తే
రాయే శుభ్రంగా ఉంది.

మొదటిసారి స్విచ్చి వేస్తే
గుమ్మని ఒకటే మోత,
రొమ్ముటెముకల్లోకి దిగే లావు మోత.
అది నాకు బాగా వినిపిస్తుంది.
ఇరవై రెండేళ్ళు డ్రిల్లు పట్టినోణ్ణి,
లావు మోతలు నాకు చుట్టాలు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో రహంతుల్లా కొట్టుకి
గోతాంలో పెట్టుకుని బస్సెక్కా.
బరువు చూసి కండక్టరు లగేజీ కొట్టాడు.
రహంతుల్లా రాతిని వేలితో తట్టి నవ్వాడు:
"గోరీ కట్టావేందయ్యా దీనికి?
రాయి గాలినాపుద్ది, వాననాపుద్ది,
కరెంటు మోతని ఆపదు.
లోపల రేకు పరువు. రేకుని ఎర్తుకి కలుపు,
ఒక్క చోటే. రెండు చోట్ల కలిపావో
మోత గిర్రున తిరగతానే ఉంటది."

పామాయిలు డబ్బా కోసి పరిచా.
ట్రాన్స్‌ఫార్మర్ని మూలకి నెట్టా.
మోత తగ్గితే తెలిసింది, కుడి పక్క అసలు పలకట్లేదని.
భూతద్దంతో వెతికితే ఒక టంకం చుక్క,
పైకి నిండుగా, లోపల వదులుగా,
ఎన్నికలప్పటి పలకరింపులా.
మళ్ళీ కాల్చి అతికించా.

ఆ సాయంత్రం క్యాసెట్టు పెట్టా.
క్వారీలో, కూటి యాళప్పుడు, మాలకొండయ్య పాడింది,
వెనక కంప్రెసరు ఆగీ ఆగక దగ్గుతుంటే.
గొంతు నడిమధ్యన,
ఎదురుగా కూచుని పాడుతున్నట్టే ఉంది.
ఇంకేం కావాల.

పక్కింటి కెజియా, తొమ్మిదో తరగతి,
గడపలోనే చెవి మూసుకుంది.
"ఎడమ పెట్టె అరస్తా ఉంది తాతా.
దాంట్లో పామున్నట్టు ఆ బుస ఏంది?"
ఏ బుస? నాకు నిశ్శబ్దమే.
"అయ్యో, అంత పెద్దది వినపళ్ళేదా?"
ఆ పిల్ల నోటి వంక చూస్తా కాసేపు ఊరుకున్నా.
సన్న శబ్దాలన్నీ ఆ గుంటలోనే ఉండిపోయినై.
ఎడం చెవైతే మరీ,
కంప్రెసరు వైపు చెవి.

బోర్డుని ఎండలోకి తెచ్చి చూశాం.
గోధుమ, నలుపు, నారింజ ఉండాల్సిన చోట
గోధుమ, నలుపు, పసుపు.
ట్యూబులైటు కింద రెండూ ఒకటే అనుకున్నా.
పదింతల తేడా.
నా చెవిలో ఎంత పోయిందో
అంతా తెచ్చి ఎడమపక్క పోసింది ఈ పొరపాటు.

సరిచేస్తే ఆ పిల్లకి బాగుంటది, నాకు వంకర.
ఒక స్విచ్చి పెడదామనుకున్నా,
ఇటు వేస్తే నాకు, అటు వేస్తే లోకానికి.
రాతికి బెజ్జం వేశా,
నీళ్ళు పోస్తూ, తొందరపడకుండా.
చెయ్యి మర్చిపోలేదు.

స్విచ్చి కొనేలోపు విందామని
నారింజ చార దాన్ని అతికించి క్యాసెట్టు తిప్పా.
మాలకొండయ్య లేచి
కుడిపక్కకి జరిగి కూచున్నాడు.

బండల మీద కూడా ఆయన చోటు అదే.
"ఆ చెవి నీకు లేదుగా" అంటా
అన్నం మూట తీసుకుని ఇటొచ్చి కూచునేవాడు.

బెజ్జం అట్టాగే ఉంది.
కెజియా దాంట్లో ఒక ఎర్ర దీపం దూర్చింది.
బుస పోయిందంట.
ఆ పిల్ల మాట నమ్మి
సౌండు ఒక గీత తగ్గించా.