లాభం, రెండు, మూడు

వడ్లు కొలిచేటప్పుడు మా నాయిన
ఒకటి అనేటోడు కాదు.
మొదటి కుంచం లాభం,
ఆ తర్వాతనే రెండు, మూడు.
మిర్యాలగూడ మిల్లులల్ల ఇప్పుడన్నీ కరెంటు కాంటాలు.
కుంచం అటకెక్కింది,
లెక్క మాత్రం నా నోట్లె ఉండిపోయింది.

అందుకే దేవసహాయం సారు
వన్ టూ త్రీ అనుకుంట అడుగెయ్యిమంటే
నేను లాభం, రెండు, మూడు అన్న.
అండాలు ఫక్కున నవ్వింది.
నవ్వుకుంట నా కాలు తొక్కింది.

ఆమె ఆర్టీసీల కండక్టరు.
సారు రైట్ అంటే కుడికి పోదు,
బస్సు కదిలినట్టు సీదా ముందుకొస్తది.
వచ్చి నా ఛాతికి గుద్దుకొని
"నువ్వెందుకు జరగవు మట్టపల్లీ" అని
నన్నే గదమాయిస్తది.

సారు ముప్పై ఏండ్లు సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బుల బేరరు.
జంటలు గుండ్రంగ తిరుగుతుంటె
గోడపొంటి నిలబడి, ట్రే పట్టుకొని
కండ్లతోని నేర్చిండు.
ఇప్పటికీ చేతుల ట్రే లేకుంటే
కాలుకు గుర్తురాదంటడు.
మా ఇంటి సత్తుపళ్లెం ఇచ్చినం.
రెండు చాయ్ గ్లాసులు పెట్టుకొని
మిల్లెనక వడ్లారబోసే గచ్చు మీద
అరవై తొమ్మిదేండ్ల మనిషి
గాలిల తేలినట్టు తిరిగిండు. చుక్క ఒలకలే.
"గిట్ల పట్టుకోవాలె పిల్లను."

పట్టుకున్న.
డెబ్బై అయిదు కిలోల బస్తా ఎత్తే చేతులకు
అంత తక్కువ బరువును
ఎక్కడ పట్టాల్నో తెల్వలే.

సినిమాల అయితే ఇక్కడ వాన పడాలె.
మా పక్కన రెండు లారీల వడ్లు ఆరుతున్నయి,
పడొద్దని మొక్కుకున్నం.

నల్లగొండల ఫంక్షన్ హాలు. నాలుగు జంటలు.
హైదరాబాదోళ్ల బూట్లల్ల ట్యూబులైట్లు కనవడుతున్నయి.
పండ్ల డాక్టరు, ఆయన భార్య
ఒకే తాను గుడ్డ కుట్టిచ్చుకున్నరు.
నాది మా బావ పెండ్లి కోటు,
చెయ్యి లేపితే చంకల పట్టేస్తది.
అండాలు డ్యూటీ దిగి ఉరికొచ్చింది,
చీరె మీద ఖాకీ కోటు విప్పుడే మర్చిపోయింది,
జేబు నిండ చిల్లర.

పాట సగంల ఉండంగ
ఫ్యూజు కొట్టేసింది.
బూట్లు ఆగినయి. డాక్టరు భార్యను పిలుస్తున్నడు,
డాక్టరు భార్య ఫోన్ల లైటు ఎతుకుతున్నది.
ఆడలేనోడు మద్దెల ఓడు అంటడట.
మాకు అననీకి మద్దెలే లేదు.
ఆమె జేబుల చిల్లర ఉన్నది.
గల్లు, గల్లుగల్లు.

నాకు తెల్వకుండనే నోట్లెకెళ్లి లాభం అన్న.
ఎనక కుర్చీలల్ల చీకట్ల
ఎవరో పెద్దమనిషి, మా నాయిన తీరు గొంతు,
రెండు, అన్నడు.
మూడు, అన్నది అండాలు,
ఈసారి కాలు తొక్కలే.

ఎంత దూరం పోయినమో.
లైట్లొచ్చేసరికి స్టేజీ మీద మేము లేము.
పక్కన భోజనాల హాల్ల
వంకాయకూర గంగాళం చుట్టు తిరుగుతున్నం.
వడ్డించేటాయన గంటె పట్టుకొని
దారిచ్చి నిలబడ్డడు.

జడ్జీలు కాయితం మీద రాసిండ్రు:
హద్దు దాటిండ్రు. మార్కులు లేవు.
ఆ మాట చదివి
అండాలు సిగ్గుపడ్డది.
నాలుగు జంటలల్ల నాలుగోళ్లం.
సారు మాత్రం సత్తుపళ్లెం ఎత్తి
హాలంత వినవడేటట్టు వాయించిండు.

ఆఖరి బస్సు. కండక్టరు ఆమె దోస్తు.
"ఈయనకు టికెటా?" అని అడిగింది.
అండాలు కిటికీలకెళ్లి బయటికి చూసుకుంట
"స్టాఫే" అన్నది.
"ఏ డిపో?"
దానికి జవాబు చెప్పలే.
అలవాటుకొద్ది డోరు మీద రెండు దెబ్బలేసి
రైట్ అన్నది.

నేను కుడికి జరిగిన.
వచ్చి కూసున్నది.

బావ కోటుకు వంకాయకూర మరక, చెయ్యంత పెద్దది.
రేపు ఆయనకు ఏం చెప్పాలె అంటే
తన కొంగుతోని తుడిచి, పోకపోతే వదిలేసి,
"కొలిచేటప్పుడు ఒలికింది అను" అన్నది.