దస్తరఖాను

దర్జీ చేతికి గుడ్డ ఇచ్చినోళ్లకు
కంటిమీద కునుకుండదు.
"మీటరు ఇస్తి గదమ్మే పీరమ్మా, మిగిలిందేమాయ?"
"యాడ మిగిలింది హంపమ్మా, చంకల కాడికే చాలల్యా."
ఇరవై రెండేండ్లు
ఈ అబద్ధం మీదనే మిషను తొక్కినా.

మిగిలింది. ప్రతిసారీ మిగిలింది.
జానెడు, బెత్తెడు, రెండు వేళ్ల వెడల్పు.
మంచం కింద మూడు గోతాలు.
ఒకదాంట్లో రైకల తునకలు,
ఒకదాంట్లో బడిపిల్లోళ్ల యూనిఫారాలవి,
మూడోది జీన్సు.
రాయదుర్గంలో ఏ సందులో చెయ్యి పెట్టినా
దొరికేది అదే గదా,
కాలవల్లో నాని
నీలం కక్కుకుంటా.

పోయిన యేడు కందూరుకు
కాగితం చుట్ట పరిచిరి.
గాలికి లేచి పులుసులో పడె,
తడిసి, చినిగి, సంగటికి అంటుకునె.
మా మామ కాశీంసాబు కాగితంతోనే ఒక ముద్ద మింగి
"ఉప్పు తగ్గింది" అన్యాడు.
తెల్లారి చూస్తే దర్గా ఎనక కంపచెట్లన్నీ
ఆ కాగితమే పూసినట్ల.

ఈ యేడు గోతాలు విప్పినా.

టేపు పనికి రాల్యా.
బాసింపట్టు వేసుకున్న మనిషికి మూరన్నర.
ఆడోళ్ల పంక్తి, అటు ఇరవై, ఇటు ఇరవై,
ముప్పై మూరలు.
గోవిందమ్మ కోసం ఇంకో అరమూర.
అడుగున జీన్సు, పైన రైకలు.
పదారో నంబరు సూదులు మూడు ఇరిగె,
పద్దెనిమిది ఎక్కిచ్చినా.
ఎర్ర తునకలన్నీ ముందే ఉప్పునీల్లలో నానేసినా,
రంగు పోతే పోనీ,
అన్నం మీదికి రాగూడదు.
కరెంటు పోయిన రాత్రిళ్లు మా చిన్నోడు
సెల్లు లైటు పట్టుకోని
"ఇది ఎవురిదిమా? ఇదెవురిది?" అంటానే నిద్రపోయె.
నాకన్నీ తెలుసు.
కట్టుకున్నోళ్లు మర్చిపోతారేమో,
కత్తెర మర్చిపోదు.

కందూరు నాడు పరిచినా.
ముందు కనిపెట్టింది వన్నూరమ్మ.
"మేయ్, ఇది నా నెమలికంఠం రైక గదా!"
హంపమ్మ వంగి చూసె.
"చంకల కాడికి చాలల్యా అంటివే?"
నలభై తలకాయలు వంగె.
గళ్లు, చుక్కలు, జరీ పోగులు, వేళ్లతో తడిమిరి.
సంగటి నా గొంతులో అడ్డం పడినట్లాయ,
ఇంకా వడ్డించనే లేదు.

తిడతారనుకుంటి.
తిట్టిరి కూడా, బాగానే.
తిట్టుకుంటానే పోయి
ఎవురి గుడ్డ ముందర వాళ్లు కూర్చునిరి.
తన గళ్ల గుడ్డ కోసం హంపమ్మ
జిలాన్‌బీని జరగమని కొట్లాడె.
వేడి సంగటి, పొట్టేలు కూర.
పులుసు చిందె. ఎవురూ అయ్యో అనల్యా.

మారెక్క ఒకతే నిలబడింది, నీల్ల చెంబుతో.
బోకులు తోమను పిలిచినాం ఆమెను.
"నువ్వూ కూర్చోమ్మే" అంటే
ఆ కొస నుంచి ఈ కొస దాకా
గుడ్డను చూసుకుంటా నడిచె.
ఆమె రైక నేనెప్పుడూ కుట్టల్యా.
ఆమె తొడిగేటివన్నీ ఇంకొకరు ఇడిసినవి.
అప్పుడు చూసినాం అందరమూ.
వన్నూరమ్మ పళ్లెం కింద ఉండే నెమలికంఠం
మారెక్క ఒంటిమీద ఉండాది,
మోచేతి కాడ అతుకుతో.

వన్నూరమ్మ ఏమీ అనల్యా.
పళ్లెం ఎడమకు జరిపె,
ఒక బెత్తెడు.
ఆ బెత్తెడులో మారెక్క కూర్చునె,
ఒక మోకాలు మడిచి, ఒకటి ఎత్తి.

ముప్పై మూరలన్నర కొలిచినా నేను.
ఆమెను కొలవల్యా.

తెల్లారి ఉతికితే మరకలన్నీ పోయె,
ఒక్క పసుపు చుక్క తప్ప.
అది యాడుందో చెప్పను.
ఆరేసిన గుడ్డ కింద ఒంగి మారెక్క వచ్చె, కూలికి.
"రైకకు కొలతలిచ్చిపో" అంటి.
"గుడ్డ యాడిది?" అనె.

మంచం కిందికి తొంగి చూసినా.
మూడు గోతాలూ ఖాళీ.

రేపు హంపమ్మ మీటరు గుడ్డ తెస్తానన్యాది.
చంకల కాడికి చాలదు.