ముందు మొరగాలట

కొరట్టూరులో మా గేటు దగ్గర
ఆదివారం ఏడింటికల్లా
దైవసిగామణి గారు ఈల వేస్తారు.
పోలీసు కుక్కల దళంలో ఇరవై రెండేళ్లు చేసి
మోకాళ్లు అరిగాక బయటికొచ్చిన మనిషి.
నెలకి రెండు వేలు, టీ వేరే.

ఉలవకి పది నెలలు.
ఉలవల రంగే. ఒక చెవి నిలువు, ఒకటి వాలు.
కూర్చోమంటే కూర్చుంటుంది, రమ్మంటే వస్తుంది,
అన్నం గిన్నె ముందు ఆగమంటే
చొంగ కారుస్తూనే ఆగుతుంది.
మొరగదు.
పాలవాడికి మొరగదు, పిల్లికి మొరగదు,
దీపావళికి వీధంతా పగిలిపోతుంటే
మంచం కింద చేరి
నా చెప్పు మీద గడ్డం ఆనించింది, అంతే.

"ఇట్లా అయితే కుదరదు సార్" అంటారాయన,
సగం తమిళం, సగం నాకోసం తెచ్చుకున్న తెలుగు.
"ముందు మొరగడం నేర్పాలి.
మొరిగితేనే కదా, ఆపు అని చెప్పేది?
తెరిస్తేనే కదా తలుపు మూసేది?"

మాట బాగానే ఉంది.
పద్ధతి కూడా చెప్పారు:
గొలుసు గేటుకి కట్టు.
మేరీ బిస్కెట్ పిడికిట్లో పెట్టు. చూపించు, దాచు.
గొంతులో గుర్రుమన్నా సరే, తుమ్మినా సరే,
ఆ క్షణమే నోటికందించు.
ఏమీ అనకపోతే
ఇవ్వకు.

పిడికిలి బిగించాను.
ఉలవ పిడికిలి చూసింది, నా మొహం చూసింది,
మళ్లీ పిడికిలి.
తోక ఒకసారి నేల ఊడ్చి ఆగిపోయింది.

ఈ చూపు నాకు తెలుసు.

మేఖలకి మూడో ఏడు నిండినా మాట రాలేదు.
ఎగ్మూరు ఆసుపత్రి, రెండో అంతస్తు, నీలం కుర్చీలు.
ఆ టీచరమ్మ కూడా మంచిదే,
"అడిగేదాకా ఇవ్వకండి" అంది.
వంటింట్లో పిడికిలెత్తి నిలబడ్డాను.
బిస్కెట్ అనమ్మా. బి అను. పోనీ, బ.
అంబత్తూరు ప్రెస్ షాపులో
రోజంతా మిషన్ల మీదుగా అరిచే గొంతు నాది,
ఆ గొంతుతోనే అడిగానేమో.
పిల్ల నా పిడికిలి చూసింది, మొహం చూసింది,
వెళ్లి గుమ్మం మీద కూర్చుంది
అటు తిరిగి.
బిస్కెట్ నా చేతిలోనే పొడైంది.

తర్వాత నాలుగు నెలలకి, ఏ బిస్కెట్టూ లేని రోజు,
అలివేలు మిక్సీ వేస్తుంటే
రెండు చెవులూ మూసుకుని అంది:
"ఆపు."
మొదటి మాట.
మిక్సీ ఆపి వాళ్లమ్మ ఏడ్చింది.
ఆ పూట కొబ్బరి చట్నీ
పలుకు పలుకుగానే తిన్నాం.

ఇదంతా ఆయనకి చెప్పలేదు.
టీ గ్లాసు అందిస్తూ అడిగాను,
మీ దళంలో అన్నీ మొరిగేవేనా అని.
ఊదుకుంటూ ఊదుకుంటూ చెప్పారు:
"రోసీ అని ఒకటుండేది. బాంబు పని.
వాసన తగిలితే అది మొరగకూడదు సార్,
గప్‌చిప్‌గా కూర్చోవాలి.
ఒకసారి సెంట్రల్ స్టేషన్లో
ఎవరిదో సూట్‌కేసు ముందు కూర్చుంది.
అది కూర్చోవడం చూసి
మా అందరి ఒళ్లూ చల్లబడింది."
లోపల?
"టపాకాయలు. ఎవరో పిల్లలకి పట్టుకెళ్తున్నారు."
గ్లాసు అడుగు చూస్తూ కాసేపున్నారు.
"అది వేరే డ్యూటీ" అన్నారు చివరికి,
గ్లాసు గోడ మీద పెడుతూ.
"ఇంటి కుక్క మొరగాల్సిందే. వచ్చే వారం చూద్దాం."

ఆ రాత్రి కరెంటు పోయింది.
హాల్లో చాపేసుకుని ముగ్గురం, నాలుగోది ఉలవ.
నిద్రలో దాని కాళ్లు ఎక్కడికో పరిగెడుతున్నాయి.
పెదవి అదిరింది.
మూతి విప్పకుండానే, లోపలెక్కడో,
బుఫ్.
మూత పెట్టిన గిన్నెలో బుడగ పగిలినట్టు.
మళ్లీ ఒకటి.

మేఖల మోచేతి మీద లేచింది.
తొమ్మిదేళ్లు ఇప్పుడు, నోరు మూయించలేం.
నా చెవిలో గుసగుసగా,
"నాన్నా, మొరిగింది! బిస్కెట్ ఇవ్వాలా?"

లేపకు, అన్నాను.
అటువైపు చీకట్లో
అలివేలు చెయ్యి అప్పటికే
డబ్బా మూత వెతుకుతోంది.