అరంగుళం

మొదటి భాగం వచ్చిన ఏడు
బీసెంట్ రోడ్డు పక్క సందులో నాది ఒక్కటే మిషను.
ఇందుజ స్టేషన్లో తడిసే సీను చూసొచ్చి
పిల్లలంతా అదే అడిగారు:
చిలకాకుపచ్చ జాకెట్టు, వీపు మీద ఒకటే ముడి.
దసరా లోపు నూట అరవై ముడులు కుట్టాను.
ఆ డబ్బుతోనే మిషనుకి మోటారు వేయించాను.

రెండో భాగం నాటికి షంషాద్ చేరింది,
హుక్కులకీ హెమ్మింగుకీ.
అందులో ఇందుజ బియ్యం కడుగుతూ ఉంటుంది.
సాకేత్ గుమ్మంలో నిలబడతాడు,
క్షమించమని మాత్రం అనడు.
మూడుసార్లు కడుగుతుంది. నాలుగోసారీ కడుగుతుంది.
హాల్లో ఒక్కడూ ఈల వెయ్యలేదు.
మోచేతుల దాకా చేతులు, మూసిన మెడ, మామిడిపండు రంగు.
బ్యాంకు ప్రమీలగారు కూడా కుట్టించుకున్నారు,
కొలతలిస్తూ ఎందుకో ఏడ్చారు.
టేపు తడిసింది.
నేనేం అడగలేదు.

తర్వాత ఆరేళ్లు.
మా సందు తవ్వారు, పూడ్చారు, మళ్లీ తవ్వారు.
షంషాద్ పెళ్లి చేసుకుని వెళ్లి
అదే టిఫిను డబ్బాతో తిరిగొచ్చింది.
ప్యాంట్లకి జిప్పులు మారుస్తూ పందేలు కాసేవాళ్లం.
కలుస్తారని తను,
కలవరని నేను,
కలిసినా కలవనట్టే ఉంటారని
ఎదురు కొట్లో ఫాల్సు అమ్మే బాలకోటయ్య బాబాయి.

మూడోది గాంధీనగర్లో చూశాం,
మొదటి ఆదివారం, మ్యాట్నీ.
అప్పటికే సగం కుర్చీలు ముడుచుకునే ఉన్నాయి.

ఏం చెప్పను.
మంచులో పాట పెట్టారు.
స్టేషను బెంచీ మీద మొదలైనవాళ్లకి
ఈతకొలను ఉన్న ఇల్లు కట్టించారు.
సాకేత్‌కి ఇప్పుడు పెళ్లాం ఉంది, వసుధ.
అతని మాత్రల వేళ గుర్తు చేస్తుంది.
అన్నీ తెలిసే ఇందుజకి టీ పోస్తుంది,
చక్కెర ఎంత అని అడిగి మరీ.
నేను సీట్లో ముందుకి జరిగాను.
ఈ ముగ్గురూ ఇప్పుడేం చేస్తారు?

ఏం చెయ్యక్కర్లేదట.
ఇంటర్వెల్‌కి రెండు నిమిషాల ముందు
వసుధ మీదికి లారీ వచ్చింది.

చివర్లో దండలు మార్చుకున్నారు.
మబ్బుల్లోంచి వసుధ చేత నవ్వించారు.
షంషాద్ పందెం గెలిచింది,
రూపాయి అడగలేదు.

బయట బండి మీద పునుగులు చల్లారుతున్నాయి.
"ఆ పిల్ల జాకెట్టు చూశావా అక్కా?
భుజం జారుతోంది."
చూశాను. మొదటి సీన్లోనే చూశాను.
చంక దగ్గర పట్టేసింది.
టీ పొయ్యడానికి చెయ్యెత్తితే వీపున మడత.
ఇందుజకి మటుకు పోగు తేడా లేదు.
కుట్టినవాడికి ముందే తెలుసన్నమాట,
ఈవిడ ఎన్నాళ్లు తొడుక్కుంటుందో.

నాకు పని నేర్పిన ఏసుపాదం మాస్టారు
కత్తెర చేతికిచ్చే ముందు ఒకటే అనేవాడు:
"లోపల అరంగుళం వదలవే.
మనిషి రేపు ఏమవుద్దో నీకేం తెలుసు?
ఒళ్లు చేస్తది, చిక్కుద్ది, బిడ్డకి పాలిస్తది.
విప్పుకోడానికి గుడ్డుండాల."

వీళ్లు వదల్లేదు.
వసుధకే కాదు, ఇందుజకీ వదల్లేదు.
అంత అందంగా అమిరిన పెళ్లి జాకెట్టులో
ఆమె ఊపిరెలా తీస్తుందా అని
ఏలూరు కాలవ దాటేదాకా ఆలోచించాను.

పది రోజులైంది.
ఆ మోడల్ ఒక్కరూ అడగలేదు.
ముందే తెచ్చిపెట్టిన గులాబీ రంగు తాను
పదిహేను మీటర్లు, మడత విప్పకుండా ఉంది.

నిన్న మధ్యాహ్నం బేరం లేక
కొలతల పుస్తకం తీసి తేదీ వేశాను.
పేరు: వసుధ.
కంటి అంచనా మీద
భుజం పదమూడున్నర,
ఛాతీ ముప్పై నాలుగు,
చెయ్యి ఎనిమిది.
అడ్వాన్సు గడి దగ్గర పెన్ను ఆగింది.

షంషాద్ నా భుజం మీంచి చదివింది.
సుద్దముక్క నా ముందు పెట్టి
"గులాబీ రంగు వద్దక్కా ఆ పిల్లకి" అంది.