ధడా

అరవై ఒక్క మంది.
అందులో ఒకటి నా పాత ఫోను,
ఇంకొకరు జబీవుల్లా చెల్లెలు, ప్లే నొక్కి నిద్రపోతుంది.
కొర్లగుంటలో మూడో అంతస్తు గది,
మేకులు కొట్టి తలుపుకి వేలాడదీసిన రెండు బొంతలు.
ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ
మైక్రోకంట్రోలర్ల గురించి రెండేళ్ళుగా మాట్లాడుతున్నాం.

మాట్లాడే ముందు ఒక నిమిషం మౌనం.
ఎవరో పోయినందుకు కాదు.
ఖాళీ గది ఎంత శబ్దం చేస్తుందో ముందే పట్టుకుంటే
తర్వాత దాన్ని మాటల్లోంచి తీసేయొచ్చు.
సరిగ్గా ఆ నిమిషంలోనే
రేణిగుంట వైపు ఏదో రైలు కూత పెడుతుంది.
మళ్ళీ మొదట్నించి.

"జనం పెరగాల" అన్నాడు జబీవుల్లా
లీలామహల్ సర్కిల్ దగ్గర టీ గ్లాసు తిప్పుతూ.
"ఫోన్లు రివ్యూ చేద్దాం. వారంలో లక్ష సంపాదించేదెట్లా అని పెడదాం.
నీ ఇంటరప్టులు ఎవురికి కావాల్రా సామీ?"
నేను గమ్మునున్నాను.
కోపం వాడి మీద కాదు,
వాడి లెక్క తప్పు కానందుకు.

ఆ శనివారం పూతలపట్టు దగ్గర పాల కేంద్రంలో
వెన్న కొలిచే మిషను మొరాయించిందని పిలుపు.
నా అసలు పని అదే, రిపేరు.
పాడ్‌కాస్టు అన్నం పెట్టదు.
తెల్లారి ఐదున్నర. క్యాన్ల మోత.
సెన్సారు మీద పాలపొర ఎండి గట్టిపడింది.
గోకాను, కడిగాను, మీట నొక్కాను.
మొదట కుప్పమ్మ పాలు పోశారు.
అంకె చూసి ఆమె కదల్లేదు.

"నిన్న మూడు పాయింట్ రెండు. ఇయ్యాల నాలుగు.
అదే ఆవు, అదే గడ్డి.
ఆ పెట్టె నా పాలల్లో ఏం జూస్తాదబ్బయా?"

నోరు తెరిచాను.
ఆఫ్‌సెట్టు, క్యాలిబ్రేషను, డ్రిఫ్టు,
నలభై మూడో ఎపిసోడులో గంటసేపు దంచిన మాటలన్నీ
నాలుక మీద వరస కట్టి
ఆమె మొహం చూసి వెనక్కి మళ్ళాయి.
చివరికి అన్నాను:
"ఉత్త గిన్నెకి కూడా బరువుంటాది కదక్కా.
పెట్టె ఆ బరువు మర్చిపోయింది."

"ఓ, ధడా కట్టలేదా" అంది కుప్పమ్మ.
"మా నాయన చింతపండు తూచేటప్పుడు
ఉత్త గంపకి ఎదురుగా రాయి పెట్టి ముల్లు నిలిపేవాడు.
ఇంతోటి మిషనుకి ఆ మాత్రం తెలీదా?
మరి నిన్న నాకు పోయిన దుడ్లు?"

దానికి నా దగ్గర జవాబు లేదు.
కేంద్రం నడిపే ఆయన లెడ్జరులో తల దూర్చాడు.

ఆ ప్రశ్ననే ఎపిసోడు చేశాం.
బొంతలు లేవు. క్యాన్లు, మోపెడ్లు,
మధ్యలో ఎవరిదో దూడ అరుపు.
జబీవుల్లా కత్తిరించబోతే చెయ్యి పట్టుకున్నాను.
కుప్పమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడింది,
నాకంటే బాగా.

పాతవాళ్ళలో ఒకాయన బెంగళూరు నుంచి రాశాడు:
"ఇది పాల ప్రోగ్రామా? నేను దిగిపోతున్నా."
నిజంగానే గుచ్చుకుంది.
పద్దెనిమిదో ఎపిసోడులో నా తప్పు పట్టింది ఆయన ఒక్కడే.

నెలాఖరున బంగారుపాళ్యం నించి ఒక గొంతు,
మామిడికాయల మండీలో కాటా ఆపరేటరట:
"సారూ, మా కాటా కూడా ఇట్నే అబద్ధం చెప్తాది.
నా పేరు బైటపెట్టొద్దు. ఎందుకో మాత్రం చెప్పండి."

జబీవుల్లా నన్నడక్కుండానే
మైకుకి కొత్త స్పాంజి కొనుక్కొచ్చాడు.
చివర్లో పది నిమిషాలు ఇంటరప్టులకి అట్టే పెట్టాను,
బెంగళూరాయన తిరిగొస్తే కూర్చోడానికి.

మండీలో రికార్డు నొక్కి నిలబడ్డాం.
"ఏందన్నా, మాట్లాడరేం?" అన్నాడొక హమాలీ.
"ధడా కడతన్నాం."
అతను నవ్వి
నెత్తిమీది క్రేటు దించకుండానే
నోటి మీద వేలేసుకున్నాడు.